స్పానిష్‌కు కొసరు

మా ఇంట్లో ఎవరైనా ఏదైనా చేస్తామంటే ముందు వచ్చే ప్రశ్న "ఎందుకు" కాదు, "ఎంత". ఎందుకన్నది తర్వాత వస్తుంది, అదీ ఎంత అన్నదానికి జవాబు నచ్చితేనే. ఆదోనిలో పత్తికీ బుడ్డలకీ కమీషన్ వ్యాపారం చేసే ఇల్లు మాది. బుడ్డలంటే వేరుశెనగలు, మా వైపు అలాగే అంటాం. ఈ ఇంటికి కోడలిగా వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. కాబట్టి ఒకరోజు పొద్దున బొరుగుల ఉగ్గాని తింటున్న మా ఆయనతో మాట ఎత్తేటప్పుడు, ఏం వినబోతున్నానో నాకు ముందే తెలుసు.

"నేను స్పానిష్ నేర్సుకుంటా."

"ఎంతంట?" అన్నాడు తల ఎత్తకుండానే.

"ఇంగా కనుక్కోలేదు."

"కనుక్కో మల్ల," అని మిరపకాయ బజ్జీ కొరికాడు. ఆయన వరకు చర్చ ముగిసింది.

మా అత్త మాత్రం వదల్లేదు. ఎనభై దాటిన మనిషి, చెవులు మాత్రం పదహారేళ్లవి. "అదేందమ్మే, తినేదా కట్టుకునేదా?" అంది మంచం మీంచి.

"భాష అత్తా. యాడనో దూరదేశాల్లో మాట్లాడతారు."

"వాళ్లకు మనతో ఏం పని?"

"ఏం పని లేదు. అందుకే నేర్సుకుంటా."

ఈ జవాబు ఆమెకు అర్థం కాలేదు. అర్థం చేసుకోమని అడిగే హక్కు కూడా నాకు లేదు, ఎందుకంటే అది ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పని జవాబు.

నేను పుట్టింది ఎమ్మిగనూరులో. మా నాన్నకు బట్టల అంగడి ఉండేది. ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ, సంతకొచ్చే సరిహద్దు ఊళ్లవాళ్లతో కన్నడం, బడిలో హిందీ. నాలుగు భాషలొచ్చిన పిల్ల అని మా నాన్న కనిపించినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. ఆయన చెప్పని సంగతి ఏమిటంటే, ఆ నాలుగింటిలోనూ నాకు మొదట వచ్చినవి రెండే మాటలు. అంగట్లో గల్లా దగ్గర కూర్చుంటే "తగ్గదు", సంచి పట్టుకుని సంతకు పోతే "తగ్గించు". పెళ్లయి ఆదోనికి వచ్చాక కూడా అంతే, గల్లా మారింది, సంచి మారింది. యాభై దాటాక ఒకరోజు కూర్చుని ఆలోచిస్తే, నాలుగు భాషల్లో ఒకటే సంభాషణ చేస్తూ బతికేశానని తెలిసింది. తెలిసి ఒళ్లు మండింది. బేరం అంటని భాష ఒకటి కావాలనిపించింది. ఆదోని నుంచి కోడుమూరు దాకా గాలించినా ఎవరికీ రానిది, అందులో ఎవరూ నాకు ఎర్రగడ్డలు అమ్మలేనిది. స్పానిష్ అలా దొరికింది. అంతకు మించి గొప్ప కారణం ఉందని చెబితే అబద్ధమవుతుంది.

ముందు ఊళ్లోనే అడిగాను. బస్టాండు వైపు మేడ మీద ఒక కోచింగ్ సెంటర్ ఉంది. ముప్పై రోజుల్లో ఇంగ్లిష్, పదిహేను రోజుల్లో కంప్యూటర్, వారంలో వ్యక్తిత్వం నేర్పుతామని బోర్డు. అక్కడి యువకుడు నన్ను కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, "వీసా వచ్చినాదా మేడం?" అని అడిగాడు.

"నేను యాడికీ పోను."

"మల్ల పిల్లలు పోతాండారా?"

"పోరు. నాకే కావాల."

ఒక నిమిషం నన్ను జాలిగా చూశాడు. తర్వాత వ్యాపారం గుర్తొచ్చింది. "అదీ ఇంగ్లిష్ మాదిరే గదమ్మా. అచ్చరాలు అవే. మా ఇంగ్లిష్ సారే సెప్తాడు లెండి." ఆ సారు ఆ మాట విని తలుపు చాటు నుంచి లోపలికి వెళ్లిపోవడం నేను చూశాను. పాపం, ఆ ఒక్కడిలోనే కాస్త నిజాయితీ మిగిలింది.

ఇక ఫోనే గతి అనుకున్నాను. ఫోనులో మొదట దొరికింది ఉచితం. ఉత్తపుణ్యానికి వస్తే నాకొకటి మా అన్నకొకటి అనే జాతి కదా మాది, వెంటనే దించుకున్నాను. అందులో ఒక బొమ్మ కుందేలు చదువు చెబుతుంది. ఏనుగు పాలు తాగుతుంది, నా చొక్కా ఆకుపచ్చగా ఉంది, మీ గుర్రం ఎక్కడ అని నెల రోజులు నేర్పింది. ఒక పూట చదవకపోతే కుందేలు ఏడ్చేది. చదివితే చప్పట్లు కొట్టి మధ్యలో వంటనూనె ప్రకటన చూపించేది. ఇంట్లో నా మీద అలిగేవాళ్లు సరిపడా ఉన్నారు, కుందేలు కూడా ఎందుకని తీసేశాను.

ఆ తర్వాత డబ్బుతో వచ్చే కోర్సుల మీద పడ్డాను. వాటిలో చేరాలంటే ముందు ఎందుకు నేర్చుకుంటున్నారో టిక్కు పెట్టాలి. ఉద్యోగం, ప్రయాణం, పరీక్ష, చివర్న వ్యక్తిగత వికాసం. నేను చివరిది పెట్టాను. మా ఆయన భుజం మీంచి చూసి, "వికాసమంటే?" అన్నాడు.

"మనిషి లోపల ఎదిగేది."

మంచం మీంచి అత్త వినింది. "ఇంగా ఎదుగుతావా తల్లీ? ఇప్పటికే వాకిట్లో పట్టకుండా ఉండావే."

ఆ కోర్సుకు తొంభై శాతం తగ్గింపట. పక్కన ఎర్ర అంకెలు గడియారంలా వెనక్కి పరుగెత్తుతున్నాయి, ఇంకా రెండు గంటలే, ఆలసించిన ఆశాభంగం అని. మా ఊరి బట్టల దుకాణాల్లో ఆషాఢం తగ్గింపు కార్తీకం దాకా నడుస్తుందని నాకు తెలియదా? ఫోను మూసి గోంగూర ఒలుచుకున్నాను. బేరంలో మా అత్త నేర్పిన పాఠం ఒకటుంది. నచ్చినా నచ్చనట్టు ముఖం పెట్టి నాలుగడుగులు నడవాలి, వెనక్కి మాత్రం చూడకూడదు, పిలుపు అదే వస్తుంది. వచ్చింది. సాయంత్రానికి "మీరు ఏదో మరిచిపోయారు" అని ఈమెయిలు. మర్నాడు "మీ కోసమే ప్రత్యేకంగా" అని ఇంకొంచెం తగ్గించి మరొకటి. మూడో రోజు "మీరు లేని లోటు మాకు తెలుస్తోంది" అన్నారు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మాట నాకు చెప్పినవాళ్లు లేరు. కిలో నూనె ధరకు దిగాక కొన్నాను. జీవితాంతం చెల్లుతుందని రాసి ఉంది. ఎవరి జీవితాంతమో రాయలేదు. గడ్డమున్న ఒకాయన బోర్డు ముందు నిలబడి నాకు అందనంత వేగంగా ఆరు పాఠాలు చెప్పాడు, ఏడో పాఠానికి ఆ వెబ్‌సైటే లేదు.

మనిషి కావాలి అని అప్పుడర్థమైంది. నేను నోరు తెరిస్తే ఆగి వినే మనిషి.

దేశదేశాల టీచర్లు తమ ధర తామే రాసుకుని కూర్చునే చోటు ఒకటి దొరికింది. ఒక్కొక్కరి పేరు పక్కన చుక్కలు, మెచ్చుకోళ్లు. చుక్కలు పెరిగిన కొద్దీ ధర పెరుగుతుంది. ధరలో తక్కువ నుంచి ఎక్కువకు పేర్చమని నొక్కాను. అన్నిటికంటే పైన ఒకామె వచ్చింది. పెరూ దేశంలో కొండల మీది ఊరు, పసుపు గోడ ముందు ఫోటో, మందపాటి జడ, ముప్పై ఏళ్లుంటాయేమో. ఒక్క చుక్క లేదు, ఒక్క మెచ్చుకోలు లేదు. కొత్తగా అంగడి తెరిచి ఈగలు తోలుకుంటోందన్నమాట.

ఆమె ధర ఆ పేజీలో అందరికంటే తక్కువ. ఎవరైనా మంచి ఇంట్లో పుట్టినవాళ్లయితే చేరిపోయేవాళ్లు. నేను అనువాద యంత్రం తెరిచి ఉత్తరం రాశాను. "అమ్మా, మీ దగ్గర ఇంకా ఎవరూ చేరినట్టు లేదు. నాది బోణీ. నా చేతి బోణీ మంచిదని మా ఊళ్లో పేరు. సగానికి చెప్పండి." ఆమె మర్యాదగా కొంచెం తగ్గించి జవాబిచ్చింది. "సరేనమ్మా, వేరే చూసుకుంటా" అని రాసి నాలుగడుగులు నడిచాను. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు పొద్దున ఒకే ముక్క వచ్చింది. "సగానికే రండి."

బేరం లేని భాష కావాలని బయల్దేరిన మహాతల్లిని నేనే. ఆ భాష వాకిట్లో కాలు పెట్టకముందే చేసింది బేరం. ఆ సంగతి అప్పుడు తట్టనే లేదు, పైగా గెలిచినందుకు పొంగిపోయాను. అత్త అంతా విని, "ఇప్పుడైనావమ్మే మా ఇంటి కోడలివి," అంది. ముప్పై ఏళ్లుగా ఆ మాట కోసం చూశాను, పెరూ దయవల్ల వచ్చింది.

నాకు పొద్దున ఆరు గంటలప్పుడు ఆమెకు ముందు రోజు సాయంత్రం. వంటింటి పక్క వసారాలో బియ్యం డబ్బాకు ఫోను ఆనించి కూర్చునేదాన్ని. పగలు చిన్నపిల్లల బడిలో చెప్పి వచ్చి నాకు చెప్పేది. నేను కూడా చిన్నపిల్ల లెక్కే కాబట్టి చేతికందిన వస్తువు ఎత్తి చూపించేది. గిన్నె, చెంచా, దుప్పటి, పిల్లి. వెనకాల ఆమె అమ్మ బల్ల దగ్గర కూర్చుని ఎప్పుడూ ఏదో ఒకటి ఒలుస్తూ ఉండేది. ఆ పెద్దావిడ ఆ ఊరి మార్కెట్లో ఉర్లగడ్డలు, అంటే బంగాళాదుంపలు అమ్ముతుందని రెండో వారంలో తెలిసింది.

మొదటి రోజు గంట పూర్తయి ఆమె చెయ్యి ఊపుతుంటే నా నోరు దానంతటదే తెరుచుకుంది. కొసరు అడిగాను.

మా అత్తను కూరగాయల మార్కెట్లో చూసినవాళ్లకు కొసరంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. కొన్నదాని మీద ఇంకాస్త ఊరికే వేయించుకోవడం అందరూ చేసేదే. మా అత్త దాన్ని ఒక నిత్యపూజలా చేసేది. బేరమాడి, తూకం చూసి, సంచిలో వేయించుకుని, డబ్బిచ్చాక అసలు పని మొదలు. కొంగు రెండు చేతులా పట్టి గంప ముందు చాచి నిలబడేది. నాలుగు మిరపకాయలో, కరివేపాకు రెమ్మో, ఒక వంకాయో అందులో పడేదాకా కదిలేది కాదు. వెనక ఎంతమంది ఉన్నా సరే. మంత్రాలయంలో గది తీసుకుంటే ఒక బక్కెట్ వేడినీళ్లు కొసరు రాబట్టింది. కాళ్లు సాగనప్పటి నుంచి ఆ పని నాకు అప్పగించింది. నేను కొసరు లేకుండా ఇంటికొస్తే సంచి తిప్పి చూసి, "యాడ పెట్టినావు కొసురు?" అనేది, దొంగను అడిగినట్టు.

కాబట్టి పెరూ టీచరును అడిగాను. ఇంకో పది నిమిషాలు. ఆమెకు మొదట అర్థం కాలేదు, తర్వాత నవ్వి కూర్చుంది. రెండో రోజు కొసరు కింద ఒక సామెత అడిగాను. మూడో రోజు పిల్లి పేరు ఎందుకలా పెట్టారో చెప్పమన్నాను. అసలు పాఠంలో ఏం నేర్చుకున్నానో గుర్తులేదు గానీ ఆ కొసరులో చెప్పినవన్నీ గుర్తున్నాయి. వాళ్ల నాన్న వెళ్లిపోవడం, కొండ మీద మంచు పడే నెల, ఆమె చేసుకోకుండా వదిలేసిన పెళ్లి, అన్నీ కొసరులోనే తెలిశాయి.

ఒకరోజు ఆమె ఎత్తి చూపించింది బుడ్డలు. అచ్చం మనవే. వాళ్ల వైపు నుంచే బయటి లోకానికి వచ్చాయట. ఈ మాట మా ఆయనకు చెప్పడం నేను చేసిన తప్పు. మర్నాడు స్నానం కూడా చేయకుండా వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఆడ క్వింటా ఎంతో అడుగు."

"అడగను."

"పత్తి గూడా పండుతాదంట గదా. దాని రేటన్నా అడుగు. పెద్దకడుబూరు రైతుకు సెప్తే బిత్తరపోవాల."

"నేను రేట్లు అడిగేదానికి నేర్సుకోలేదు."

"మల్ల దుడ్లు పెట్టి నేర్సుకునేది దేనికి?" అన్నాడు, నిజంగానే అర్థం కాక. మూడు రోజులు అలాగే నిలబడి, భాష అంటే ఇంత పనికిమాలినదా అని నిరాశపడి అంగడికి పోయాడు.

నవ్వులాటగా చెబుతున్నాను గానీ, నెలలు గడిచేసరికి ఆ గంట నాకు అన్నం కంటే ముఖ్యమైంది. రోజు మొత్తంలో తక్కిన మనుషులు నన్ను ఏదో ఒకటి తెమ్మనడానికో, ఏదో ఒకటి ఎక్కడుందనడానికో పిలుస్తారు. ఆమె ఒక్కతే "నిన్న ఏం చేశావు, ఏమనిపించింది" అని అడిగేది. అడిగి, నేను మాట వెతుక్కునేంతసేపు ఆగేది. ఏమనిపించింది అన్న ప్రశ్న ఎవరైనా నన్ను అడిగి ఎన్నాళ్లయిందో లెక్క తీస్తే ఏడుపొచ్చింది.

ఏడాది కావస్తుండగా పాఠం మార్కెట్ మీద వచ్చింది. ఇక నా సబ్జెక్టే కదా అని రెచ్చిపోయాను. వచ్చీరాని స్పానిష్‌లో సంత, గంప, తూకం, మా అత్త కొంగు అన్నీ చెప్పాను. ఆమె కళ్లు పెద్దవి చేసుకుని, "మాకూ ఉంది," అంది. వాళ్ల మార్కెట్లో కొన్నాక అమ్మే ఆమె ఊరికే ఇంకాస్త వేస్తుందట, దాని పేరు యాపా. కొనే ఆమె అమ్మే ఆమెను "కసేరా" అని పిలుస్తుంది, అమ్మే ఆమె కూడా కొనే ఆమెను అదే మాటతో పిలుస్తుంది. ఒకరికొకరు వాడుక మనుషులు అని అర్థం. "మరి నా యాపా ఏది, కసేరా?" అని చెయ్యి చాచి అడుగుతారట. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. లోపల్నుంచి అత్త, "ఏమైనాదే?" అని అరిచింది.

అప్పుడామె నవ్వుతూనే ఇంకో సంగతి చెప్పింది. "నువ్వు సగం ధర అడిగిన రోజు నాకు చాలా కోపం వచ్చింది, తెలుసా? అందుకే రెండు రోజులు రాయలేదు. మా అమ్మే చెప్పింది, మొదట వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపకూడదని. అమ్మ రోజూ మొదటి డబ్బు చేతిలో పడగానే దాంతో సిలువ గుర్తు వేసుకుంటుంది. ఇప్పుడు నాకు చాలామంది ఉన్నారు, అందరూ పూర్తి ధర ఇస్తారు. నీకు మాత్రం అదే. నువ్వు నా మొదటిదానివి కదా."

ఆమె దెప్పడానికి చెప్పలేదు. దెప్పి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని, నాకు నోరు తక్కువా? ప్రేమగా చెప్పింది. ఆ రోజు ఫోను పెట్టేశాక పొయ్యి వెలిగించడానికి కూడా చేతులు రాలేదు. బడిలో పిల్లలకు చెప్పి అలిసి వచ్చిన మనిషి దగ్గర, ఉర్లగడ్డలమ్మి పెంచిన పిల్ల దగ్గర, పత్తి వ్యాపారి పెళ్లాన్ని నేను సగానికి కోసి, పైగా రోజూ కొసరు కూడా పిండాను. సిగ్గేసింది. చాలా సిగ్గేసింది.

సిగ్గేసిన మనిషి ఊరుకోవాలి. నేను మర్యాదస్తురాలిని కాబోయాను. మర్నాటి నుంచి పూర్తి ధర కట్టాను. అడగకుండా ధర పెంచి ఇవ్వడం మా వంశంలో అదే మొదలు. అంతటితో ఆగలేదు. గంట ముగియడానికి ఒక నిమిషం ముందే పుస్తకం మూసి, ధన్యవాదాలు చెప్పి, ఆమె చెయ్యి ఊపేలోపే ఫోను కట్టేశాను. కొసరు లేదు. పిల్లి గురించి లేదు, మంచు గురించి లేదు. ఇంగ్లిష్ సినిమాల్లో దొరసానుల్లా ఎంత హుందాగా ఉన్నానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

మూడు రోజులకు ఆమె పుస్తకం నుంచి పాఠం చెప్పడం మొదలుపెట్టింది. గిన్నెలు, చెంచాలు పోయాయి. ఫోను పక్కకు తిప్పి పెట్టిందేమో, వెనక బల్లా వాళ్లమ్మా కనపడడం మానేశారు, గోడ ఒక్కటే. "నిన్న ఏమనిపించింది" అనడం మానేసి "పదహారో పేజీ" అనసాగింది. నేను పూర్తి ధరకు పూర్తి చదువు దొరుకుతోంది కాబోలు అనుకున్నాను, లోపల మాత్రం ఏదో కొరికేది.

ఆ వారం మా అన్న ఇంటికి ఎమ్మిగనూరు పోయి తిరిగొస్తున్నాను. బస్సులో ఉండగా ఆమె దగ్గర్నుంచి సందేశం. ఇప్పుడు యంత్రం అవసరం లేకుండానే చదవగలను, అదే నా ఖర్మ. "వేరే టీచరు దొరికి ఉంటే మొహమాట పడకండి. మీ గంట అడుగుతున్నవాళ్లు ఇంకొకరు ఉన్నారు. ఈ శనివారం లోపల చెప్తే వాళ్లకిస్తాను." నన్ను "నువ్వు" అనే మనిషి "మీరు" అని రాసింది. నాకు భయమేసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, అలా అయింది. పక్క సీటామె "ఏమైనాదక్కా?" అని అడిగేదాకా నేను ఏడుస్తున్నానని నాకు తెలియలేదు.

ఇంటికొచ్చేసరికి అత్త మంచం మీద కూర్చుని మెంతాకు తుంచుతోంది. నా ముఖం చూడగానే, "ఆ యమ్మి ఈ మద్దెన నవ్వడంలేదే?" అంది. వారం రోజులుగా ఆ చెవులు అటే ఉన్నాయన్నమాట. దాచలేక మొత్తం చెప్పాను. సగం ధర, సిలువ గుర్తు, నా సిగ్గు, నా హుందాతనం, బస్సులో వచ్చిన సందేశం.

అంతా విని నెత్తి కొట్టుకుంది. "నిన్ను సదివించినాడే మీ నాయన, ఆయప్పను అనాల."

"నేనేం సేసినానత్తా? దుడ్లు ఎక్కువే ఇస్తాండాను గదా."

"కూరగాయలామె కాడ ఏండ్లకేండ్లు కొసురడిగి, ఒగ దినం కొంగు పట్టకుండా, సెప్పిందంతా ఇచ్చేసి, మాట్లాడకుండా ఎనక్కి తిరిగి పోతే ఆమె ఏమనుకుంటాది? దీనికి నా మీద కోపమొచ్చినాది, రేపట్నుంచి ఇంగో గంప కాడికి పోతాది, అనుకోదా?"

నేను సంచి కింద పెట్టి ఆమె మంచం పక్కన కూర్చున్నాను.

"కొసురు అడిగేది వంకాయ కోసం అనుకున్నావా ఇన్నేండ్లు?" అంది. "రేపు మల్ల నీ కాడికే వస్తానని సెప్పేదానికే. దుడ్లు పూర్తిగా ఇయ్యి, ఆ యమ్మి కష్టం అది. కొసురు మాత్రం ఇడసొద్దు." అని మెంతాకు నా వైపు తోసింది, ఇక చాలు పని చూసుకో అన్నట్టు.

ఈ ముక్క ముప్పై ఏళ్ల కిందట చెప్పి ఉంటే ఆమె సొమ్మేం పోయేదో! మార్కెట్లో ఆమె వెనక సంచి పట్టుకుని తలొంచుకుని నిలబడిన రోజులన్నీ గుర్తొచ్చాయి. అడుక్కుంటోందని సిగ్గుపడేదాన్ని. కాలు విరిగి ఆమె మంచం పట్టిన కొత్తలో ఆ కూరగాయలామె గంప దించి, ఇంటి దాకా వెతుక్కుంటూ వచ్చి, గంటసేపు పక్కన కూర్చుని పోయింది. ఎందుకొచ్చిందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

మర్నాడు శుక్రవారం. ఆరు గంటలకు ఫోను డబ్బాకు ఆనించాను. ఆమె వచ్చింది, పసుపు గోడ వచ్చింది. పద్దెనిమిదో పేజీ అంది. గంటసేపు ఇద్దరం చదివాం, ఆమె వైపు చూడలేక పుస్తకంలోకే చూశాను. రాత్రంతా సాధన చేసిన వాక్యం నోట్లోనే ఉంది. ఒకవేళ ఆమె నవ్వకపోతే, ఆ గంట నిజంగానే ఇంకెవరికో మాట ఇచ్చేసి ఉంటే, నేను మళ్లీ ఉత్త నాలుగు భాషల మనిషినే.

గంట అయింది. "ధన్యవాదాలు, సెలవు," అంది ఆమె నాకంటే ముందే, ఆ హుందాతనం నా దగ్గరే నేర్చుకుని. చెయ్యి ఫోను మీదికి వచ్చింది.

"మరి నా యాపా ఏది, కసేరా?" అన్నాను.

చెయ్యి ఆగిపోయింది. ఆమె నన్ను చూసింది. ఎంతసేపు చూసిందో, మా వంటింట్లో కుక్కర్ రెండు కూతలు వేసింది. తర్వాత ముఖానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది, భుజాలు కదులుతున్నాయి, నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. చేతులు తీశాక చూస్తే రెండూ. వెనక్కి తిరిగి గట్టిగా "అమ్మా!" అని పిలిచి ఏదో చెప్పింది. ఫోను గిర్రున తిరిగింది. బల్ల కనపడింది, పిల్లి కనపడింది, టోపీ పెట్టుకున్న పెద్దావిడ కనపడింది. ఆమె నన్ను ఎగాదిగా చూసి, ముందున్న బుట్టలో చెయ్యి పెట్టి కెలికి, ఒకటి వదిలేసి, ఇంకొకటి వదిలేసి, నల్లటి వంకాయ రంగు ఉర్లగడ్డ ఒకటి ఏరి ఫోను ముందుకు చాచింది. అద్దం నిండా అదే.

నా కొంగు నా రెండు చేతుల్లో ఉంది. ఎప్పుడు పట్టానో నాకే తెలియదు. బియ్యం డబ్బా ముందు, ఫోనుకు ఎదురుగా, కొంగు చాచి నిలబడి ఉన్నాను. కళ్లు మసకబారాయి.

కాఫీ గ్లాసుతో వచ్చిన మా ఆయన గడప మీదే ఆగిపోయాడు. "ఏం సేస్తాండావే?" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోపు మంచం మీంచి అత్త గొంతు వినపడింది. ఎప్పుడు మెడ చాచి చూసిందో, ఫోనులోకే చూస్తోంది.

"ఒగటేనా? ఇంగొగటి అడుగు."

అడిగాను. ఇచ్చింది.